తేనె ఏల్‌ని ఆఖరి గుక్కలో తూచాలి

పోయిన మార్చిలో ఒక శనివారం పొద్దున, ఫిలడెల్ఫియా శివార్లలో ఒక హాల్లో మడత బల్ల ముందు కూర్చుని ఒక బీరుకి అన్యాయం చేశాను. ఇంట్లో బీరు కాచుకునేవాళ్ల పోటీ అది. మా బల్లకి వచ్చినవి తేనె వేసి కాచిన బీర్లు, మొత్తం పది సీసాలు. జడ్జీలం ఇద్దరం. ఆరో సీసా 9 శాతం ఆల్కహాలున్న ఘాటు ఏల్. (ఏల్ అంటే ఒక రకం బీరు.) ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీశారేమో, గ్లాసు బయట చెమట పట్టింది. లోపల రెండు వేళ్ల ఎత్తున లేత బంగారు రంగు, పైన పల్చటి నురుగు.

నా పక్కాయన వాసన చూసి, ఒక గుక్క తాగి, "తేనె ఏదీ?" అన్నాడు. నేనూ ముక్కు పెట్టి చూశాను. నాకూ తేనె తగల్లేదు. తప్పులేవీ లేవు, శుభ్రంగా ఉంది, ఘాటు ఉన్నా గొంతు మండటం లేదు. అయినా తేనె బీరన్నాక తేనె ఉండాలి కదా అనుకున్నాం. ఆయన 50కి 27 వేశాడు, నేను 28. "తేనె జాడ లేదు" అని ఇద్దరం రాశాం. మొత్తం నాలుగైదు నిమిషాలు పట్టిందేమో. ఏడో సీసా తెప్పించుకున్నాం.

ప్రతి గ్లాసులోనూ ఒక గుక్క మిగిల్చి పక్కన పెట్టడం నా అలవాటు. పది సీసాలూ అయ్యి, బల్ల సర్దుతూ ఆరో గ్లాసు ఎత్తేసరికి గంట దాటింది. బుడగలు చచ్చిపోయాయి. గ్లాసు గది వేడికి వచ్చేసింది. పారబోసే ముందు నోట్లో పోసుకున్నాను. మింగాక ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత నాలుక పక్కల చిన్న పులుపు, దాని వెనక ఎండిన పూల వాసన, ఆ వెనక మైనం. మైనమే, అనుమానం లేదు. చాలాసేపు పోలేదు కూడా. అప్పటికే మా షీట్లు తీసుకెళ్లిపోయారు. ఆ సీసా తర్వాతి రౌండుకి వెళ్లలేదు. అది ఎవరు కాచారో నాకు తెలీదు, తెలిసే ఏర్పాటూ లేదు. ఆ మనిషికి నేను పడ్డ బాకీ అనుకునే ఇదంతా రాస్తున్నాను.

తేనె వేసిన బీరు తియ్యగా ఉంటుందని అందరూ అనుకుంటారు. కాచడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. జరిగేది సరిగ్గా తిరగేసి. మాల్ట్‌ని, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, వేడినీళ్లలో నానబెట్టి తీసిన తీపి నీళ్లని వోర్ట్ అంటారు. అందులో ఈస్ట్ తినగలిగే చక్కెరలతో పాటు తినలేనివీ ఉంటాయి. ఆ తినలేనివే బీరుకి చిక్కదనం, నోటికి నిండుదనం. తేనె అలా కాదు. అందులో నీళ్లు పోను మిగిలినదాంట్లో చాలా భాగం ఫ్రక్టోజ్, గ్లూకోజ్. రెండూ ఈస్ట్‌కి నోట్లో పెట్టిన ముద్దలు. దాదాపు ఏమీ మిగల్చదు. అందుకే తేనె వేసిన కొద్దీ బీరు ఘాటెక్కుతుంది, పల్చబడుతుంది, ఆరిపోయినట్టు పొడిగా తేలుతుంది. తీపి మాత్రం పెరగదు.

లెక్కలో చెప్తాను. 20 లీటర్ల బీరులో కిలో తేనె వేస్తే ఆల్కహాలు ఇంచుమించు 2 శాతం పెరుగుతుంది. మాల్ట్ ఒక్కదానితోనే హైడ్రోమీటర్ (ద్రవంలో చక్కెర ఎంతుందో చూపేది, ఉత్త నీళ్లకి 1.000) మీద 1.080 దగ్గర మొదలుపెట్టిన ఘాటు ఏల్ చాలాసార్లు 1.020 దగ్గర ఆగిపోతుంది. ఆ మిగిలిన 20 పాయింట్లే మనకి తీపిగా, బరువుగా తెలిసేవి. అందులో మూడో వంతు బలం తేనె నుంచి వస్తే అదే బీరు 1.011 దాకా దిగుతుంది. ఎక్కువ ఘాటు, తక్కువ బరువు. 9 శాతం బీరు తాగుతున్నామన్న సంగతి రెండో గ్లాసుకి గానీ తెలియనివ్వని తేలికదనం తేనె పెట్టిన భిక్షే. అది మెచ్చుకోవాల్సిన గుణం. మేమిద్దరం ఆ రోజు దాన్ని చూసి కూడా పేరు పెట్టలేదు.

మరి వాసన? దీనికి ఒక చిన్న పని చేసి చూడండి, ఖర్చేమీ లేదు. ముక్కు గట్టిగా మూసుకుని అర చెంచా తేనె నాలుక మీద వేసుకోండి. తీపి తెలుస్తుంది. కొంచెం పులుపూ తెలియొచ్చు. అది తేనెనో, పంచదార పాకమో, బెల్లం పానకమో మాత్రం చెప్పలేరు. ఇప్పుడు ముక్కు వదలండి. ఒక్కసారిగా తేనె అవుతుంది. అంటే తేనెలో తీపి నాలుకది, తేనెతనం ముక్కుది. తీపిని ఈస్ట్ తినేస్తుంది. ఆ తేనెతనం గాల్లోకి తేలిపోయే వాసనల పోగు. మరిగే వోర్ట్‌లో తేనె వేస్తే ఆవిరితో పోతుంది. మరగడం ఆపాక వేసినా, పులిసేటప్పుడు పొంగుకొచ్చే కార్బన్ డయాక్సైడ్ దాన్ని తనతో పాటు బయటికి లాక్కెళ్తుంది. నేను కాచినప్పుడు మూడు రోజులు మా బేస్‌మెంట్ అంతా తేనెపట్టు పిండినట్టు ఘుమఘుమలాడింది. మా ఆవిడ మెట్ల మీద నుంచే "ఎంత బావుందో వాసన!" అంది. నాకు ప్రాణం ఉసూరుమంది. సీసాలోకి రావాల్సింది గదిలోకి పోతోంది.

తీపీ పోయి, వాసనలో చాలా భాగం పోయాక తేనెలో మిగిలేదేమిటన్నది అసలు ప్రశ్న. దీనికి జవాబు నాకు పుస్తకాల్లో కంటే ముందు మా మేనమామ దగ్గర దొరికింది.

మాది నల్లగొండ వైపు. వేసవి సెలవుల్లో మామయ్య పొలం గట్ల మీద తుమ్మ పొదల్లో జుంటితేనె పట్టు పట్టేవాడు. జుంటి పట్టు చిన్నది, అరచేయంత, ఒకే పలక, కొమ్మని చుట్టుకుని ఉంటుంది. పొగ పెట్టి ఈగల్ని లేపి, కొమ్మతో సహా విరిచి, తేనె ఉన్న ముక్క మాకు తుంచి పెట్టేవాడు. నోట్లో పెట్టుకుని నమిలితే మొదట చెవుల దాకా తీపి. పది నమిలే సరికి తేనె అయిపోయి మైనం ముద్ద మిగిలేది. మేం దాన్ని ఉమ్మేయబోతే ఆపేవాడు. "అప్పుడే ఉమ్ముతవేందిరా, ఇంకింత సేపు నములు. తీపి పోయినంకనే ఏ పూల తేనెనో తెలుస్తది" అనేవాడు. నిజంగానే తెలిసేది. ఒక పట్టు మైనంలో వేపపూల చేదు, ఇంకోదాంట్లో తంగేడు పువ్వు నలిపినప్పటి పచ్చి వాసన, ఒక్కోసారి ఉత్త వగరు. తీపి ఉన్నంతసేపూ ఇవేవీ కనపడనిచ్చేది కాదు.

ఆ హాల్లో నా నోటికి తగిలింది అదే. ఏల్‌లో తేనె మిగిలేది ఆ నమిలిన మైనం ముద్దలో మిగిలినట్టు.

మన దగ్గర తేనె బీరు సంప్రదాయం లేదు. కానీ తీపి తగ్గాక దిగే రుచిని గుర్తుపట్టడం మనకి కొత్తేమీ కాదు. తాటికల్లు తాగేవాళ్లని అడిగితే చెప్తారు. పొద్దున్నే దింపిన కల్లు చెరుకు రసంలా ఉంటుంది, ఎవరైనా తాగుతారు. ఎండెక్కే కొద్దీ తీపి తగ్గి, పులుపు ఎక్కి, ఏ చెట్టు కల్లో అప్పుడు తేడా తెలుస్తుంది. మా ఊళ్లో పెద్దవాళ్లు రేకలో పోయించుకుని గుటుక్కున మింగేవాళ్లు కాదు. ఒక గుక్క తాగి, ఎటో చూస్తూ కాసేపు మాట్లాడకుండా ఉండి, అప్పుడు గౌండ్లాయనకి మాట చెప్పేవాళ్లు. ఆ మాట్లాడని కాసేపే మా పోటీ బల్ల దగ్గర లేకుండా పోయింది.

ఇంతవరకూ చదివినవాళ్లలో ఎవరో ఒకరు అడగాలి, అడగకపోతే నేనే అడుగుతాను. బీరుని పొడిగా, తేలిగ్గా చెయ్యడానికి తేనె ఎందుకు? పంచదార చాలు కదా? బెల్జియం వాళ్లు తరతరాలుగా తమ ఘాటు బీర్లలో చక్కెర వేసే కాస్తున్నారు. తేనె చేసే పని చక్కెరా చేస్తే, దానికంటే ఎన్నో రెట్లు ఖరీదైన తేనె పొయ్యడం దండగ. ఇది గట్టి అభ్యంతరం. నాకు దీనికి మాటలతో జవాబు చెప్పడం ఇష్టం లేక, కాచి చూశాను.

ఒకే వోర్ట్ 20 లీటర్లు కాచి రెండు పాత్రల్లోకి చెరి సగం పంచాను. ఒకదాంట్లో కిలో తేనె, ఇంకోదాంట్లో దానికి సమానమైన బలం వచ్చేలా ముప్పావు కిలో పంచదార. తేనె మా దగ్గరి సంతలో తేనెటీగలు పెంచే ఒక పెద్దాయన అమ్మే అడవిపూల తేనె. రెంటికీ ఒకే ఈస్ట్, ఒకే చోటు, 18 డిగ్రీల వేడి. తేనెని మాత్రం మొదటే పొయ్యలేదు. పొంగు తగ్గుముఖం పట్టాక, నాలుగో రోజున, గోరువెచ్చని నీళ్లలో కలిపి పోశాను. ఆ సమయానికి గ్యాసు వేగం తగ్గుతుంది కాబట్టి వాసన కొంతైనా నిలుస్తుంది. మూడు వారాల తర్వాత తేనెది 1.011, పంచదారది 1.010. రెండూ 9 శాతం దాటాయి. సీసాల్లో పట్టి మూడు నెలలు ముట్టుకోలేదు.

తర్వాత మూడు గ్లాసుల పరీక్ష పెట్టాను. మూడింటిలో రెండు ఒకటే బీరు, ఒకటి వేరు. వేరేది ఏదో పట్టుకోవాలి. గ్లాసుల అడుగున అంకెలు రాసి, ఏది ఏదో నేను కాగితం మీద రాసుకున్నాను. తాగినవాళ్లు ఇద్దరు, మా ఆవిడ, ఇంట్లో బీరు కాచుకునే మా పక్కింటి మిత్రుడు. చల్లగా ఉన్నప్పుడు ఇద్దరూ తప్పే చెప్పారు. గ్లాసులు కదపకుండా అలాగే వదిలేసి, కబుర్లు చెప్పుకుని, నలభై నిమిషాల తర్వాత మళ్లీ తాగమన్నాను. మిత్రుడు మళ్లీ తప్పు చెప్పాడు. మా ఆవిడ మాత్రం మూడో గ్లాసు ముందుకు జరిపి, "ఇదొక్కటే వేరు. మింగాక నిమ్మ ఉప్పు నాకినంత పులుపుంది, అది పోయాక పూలు" అంది. ఆమె పట్టుకున్నది తేనె గ్లాసే.

ఒక మనిషి ఒకసారి సరిగ్గా చెప్తే అది రుజువు అయిపోదు, మూడింట్లో ఒకటి గుడ్డిగా చెప్పినా తగులుతుంది. నేను పట్టించుకున్నది ఆమె వాడిన మాటల్ని. ఆమెకి బీరు జడ్జీల పరిభాష తెలీదు. తేనె అన్న మాట అసలు ఎత్తనే లేదు. పులుపు అంది. తేనె పుల్లటి పదార్థమన్న సంగతి చాలామందికి తెలీదు. తీపి కప్పేస్తుంది గానీ అందులో గ్లూకోనిక్ ఆమ్లం ఉంటుంది. ఈస్ట్ చక్కెరని తినేసి దీన్ని వదిలేస్తుంది. పంచదారలో ఇది లేదు. కాబట్టి తేనె ఏల్‌లో నేను మొదట వెతికేది ఆ సన్నటి పులుపుని. పాడైన బీరు పులుపు వేరు, అది దవడలు లాగుతుంది. ఇది నాలుక అంచుల్లో ఒకసారి మెరిసి పోతుంది. ఆ తర్వాత పూలు, మైనం. ఇవి ముక్కు ముందు నుంచి రావు. మింగాక, ఊపిరి వదిలినప్పుడు, గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతాయి. అందుకే గ్లాసు వాసన చూసి తేనె లేదని తేల్చేస్తే సగం పరీక్షే అయినట్టు.

ఈ మైనం విషయం నా ఊహ కాదనిపించేలా చేసిన సంగతి ఒకటుంది. నేనుండే ఊళ్లోనే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ల పెన్ మ్యూజియం ఉంది. 1957లో ఆ మ్యూజియం తరఫున రాడ్నీ యంగ్ అనే పురావస్తు పండితుడు టర్కీలోని గోర్డియన్‌లో ఒక పెద్ద మట్టిదిబ్బ కింద సమాధిని తవ్వి తెరిచాడు. క్రీస్తు పూర్వం 8వ శతాబ్దం నాటిది. మొదట మైడాస్ రాజుదనుకున్నారు, ఇప్పుడు ఆయన తండ్రిదై ఉండొచ్చంటున్నారు. లోపల అంత్యక్రియల విందులో వాడిన కంచు పాత్రలు 150కి పైగా దొరికాయి, కొన్నిట్లో అడుగున ఎండి పేరుకున్న మడ్డితో సహా. నలభై ఏళ్ల తర్వాత అదే మ్యూజియంలో పనిచేసే పాట్రిక్ మెక్‌గవర్న్ ఆ మడ్డిని పరీక్షించాడు. ద్రాక్షకి గుర్తు టార్టారిక్ ఆమ్లం. బార్లీ బీరుకి గుర్తు కాల్షియం ఆక్సలేట్, బీరు పాత్రల లోపల పేరుకునే గార అది. తేనెకి గుర్తు మైనం. అంటే 2,700 ఏళ్ల తర్వాత ఆ పానీయంలో తేనె ఉందని చెప్పింది తేనె చక్కెర కాదు, దానితో పాటు పడిన మైనపు నలకలు. తీపి ఎప్పుడో పోయింది, మైనం నిలబడింది. ఇది చదివిన రోజు మామయ్య గుర్తొచ్చి చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

ఆ మడ్డి లెక్కని పట్టుకునే డెలావేర్‌లోని డాగ్‌ఫిష్ హెడ్ వాళ్లు మైడాస్ టచ్ అనే బీరు చేశారు. బార్లీ, తేనె, మస్కట్ ద్రాక్ష, చేదుకి కుంకుమపువ్వు, 9 శాతం ఆల్కహాలు. నా మట్టుకు నాకు అది బీరుకీ వైనుకీ మధ్య ఎటూ తేలకుండా నిలబడుతుంది, ద్రాక్ష గొంతు తేనె గొంతుని కప్పేస్తుంది. చరిత్ర కోసం ఒకసారి తాగాల్సిందే. తేనె ఏల్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మాత్రం నేను చూపించేది బెల్జియం బీరు బార్బార్. బ్రస్సెల్స్‌కి నైరుతిగా కెనాస్ట్ అనే ఊళ్లో 1876 నుంచి ఉన్న లెఫెవ్ర్ కుటుంబం కాచేది. ఆ ఊళ్లో పెద్ద రాతి క్వారీ ఉంది. రాళ్లు కొట్టే కూలీల దాహం తీర్చడానికి మొదలైన బీరుశాల అది. బార్బార్ 8 శాతం. చల్లగా తాగితే మంచి బెల్జియం బీర్లలో ఒకటి, అంతే. సగం గ్లాసయ్యాక, అరచేతి వేడి తగిలాక, అడుగున ఉన్న రెండు గుక్కల్లో దాని పేరుకి తగ్గ సంగతి తెలుస్తుంది. తేనె తియ్యగా ఉండదు, తేనెపట్టు పెట్టి తీసిన ఖాళీ గిన్నె వాసన ఉంటుంది.

తేనె కనపడాలి, నాలుకకి తగలాలి అన్న పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఆలోచించాను. డబ్బు నుంచి వచ్చిందని నా అభిప్రాయం. మధ్యయుగపు వేల్స్‌లో, హవెల్ ద్దా రాజు పేరు మీదున్న న్యాయశాస్త్రంలో, రాజుకి కట్టాల్సిన కప్పం లెక్క ఉంది. ఒక తొట్టి మీడ్ ఇవ్వాలి. అది లేకపోతే రెండు తొట్లు బ్రాగవ్డ్, అదీ లేకపోతే నాలుగు తొట్లు మామూలు ఏల్. మీడ్ అంటే తేనెని పులియబెట్టి చేసే మద్యం, బ్రాగవ్డ్ అంటే తేనె, మాల్ట్ కలిపి పులియబెట్టినది, ఇప్పటి తేనె ఏల్‌కి తాతముత్తాత. తేనె ఎంత పడితే అంత విలువ. ఇప్పటికీ మనసులో అదే తక్కెడ ఉంది. తేనెకి డబ్బు పోశాను కాబట్టి తేనె కనపడాలి. (మీడ్ అన్న మాటా, మన మధువు అన్న మాటా ఒకే వేరు నుంచి పుట్టినవి. మనకి మధువంటే తేనే, మత్తిచ్చేదీ కూడా. ఆ రెంటినీ ఒకే మాటలో పెట్టినవాళ్లకి పులిసిన తేనె రుచి బాగా తెలిసే ఉంటుంది.)

ఈ పట్టుదల వల్ల జరిగే నష్టం ఏమిటంటే, కాచేవాళ్లు జడ్జీలకి కావాల్సింది ఇవ్వడం నేర్చుకుంటారు. హనీ మాల్ట్ అని కెనడాలో తయారయ్యే మాల్ట్ ఒకటుంది. పేరులోనే తేనె గానీ అందులో చుక్క తేనె ఉండదు. అది కొంచెం వేస్తే బీరుకి తేనెలాంటి తీపి, కమ్మదనం వచ్చేస్తాయి. మంచి మాల్టే, వేరే బీర్లలో నేనూ వాడతాను. కానీ నిజంగా తేనె పోసి ఓపికగా కాచిన ఏల్ పక్కన, రెండు చెంచాల తేనె పోసి హనీ మాల్ట్ దట్టించినది పెడితే, నాలుగు నిమిషాల బల్ల మీద రెండోదే గెలుస్తుంది. చాలాసార్లు గెలుస్తూ చూశాను.

ఇంకో మోసం ఉంది, అది ఎవరూ చేసేది కాదు, కాలం చేసేది. ఘాటు ఏల్ సీసాలో ముసలిదవుతున్నప్పుడు గాలి సోకి కొన్ని వాసనలు పుడతాయి. వాటిలో ఫినైల్ ఎసిటాల్డిహైడ్ ఒకటి, అచ్చం తేనె వాసన. తేనె చుక్క పడని బీరులో కూడా పుడుతుంది. రెండేళ్ల కింద ఒక తేనె ఏల్‌కి నేను 41 వేశాను, "తేనె సుగంధం అద్భుతం" అని రాశాను. పోటీ అయ్యాక దాన్ని కాచినాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆ సీసా ఏడాదిన్నరగా ఆయన గరాజ్‌లో వెచ్చగా పడుందట. అదే కాపులోది ఫ్రిజ్‌లో చల్లగా దాచినది ఇంకోటి తెచ్చి నా ముందు మూత తీశాడు. అందులో ఆ వాసన లేనేలేదు. నేను నెత్తిన పెట్టుకున్నది ముసలితనాన్ని. మళ్లీ వాసన చూస్తే దాని కింద తడిసిన అట్టపెట్టె వాసన కూడా ఉంది, ముందు దాన్ని పట్టుకోలేకపోయాను. పాత ఘాటు బీర్లలో ఇలాంటి వాసనలు కొన్ని ముచ్చటగానే ఉంటాయి, అవి ఉంటే మార్కులు కొట్టెయ్యమనను. వాటిని తేనె ఖాతాలో వెయ్యొద్దంటాను. ఉన్న తేనెని లేదని, లేని తేనెని ఉందని రాసిన చెయ్యి ఒకటే, నాదే.

కాబట్టి తప్పు ముక్కుదొక్కటే కాదు, మనం తూచే పద్ధతిది. మేం వాడే బీజేసీపీ (బీరు జడ్జీలకి పరీక్షలు పెట్టి గుర్తింపునిచ్చే సంస్థ) షీట్‌లో 50 మార్కులు ఇలా పంచి ఉంటాయి. వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకి 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. వాసనే మొదట చూడాలి, ఎగిరిపోతుంది కాబట్టి. చాలా బీర్లకి అది సరైన వరస. తేనె ఏల్‌కి మాత్రం మొదటి 12 మార్కులు అది బాగా చల్లగా, నోరు విప్పకుండా ఉన్నప్పుడు పడిపోతాయి. తేనె నిజంగా పనిచేసే చోటు, ఆ తేలికదనం, ఆ పొడిదనం, ఐదు మార్కుల గడిలో ఇరుక్కుంటాయి. పైగా తేనెలాంటి చక్కెరలు వేసిన బీర్ల గురించి నియమం ఒకటుంది. వేసిన చక్కెర గుర్తుపట్టగలిగే గుణమేదీ బీరుకి ఇవ్వకపోతే దాన్ని మామూలు బీరుగానే పోటీకి పెట్టాలి. న్యాయమైన నియమం. చిక్కల్లా గుర్తుపట్టగలిగే గుణం అంటే చల్లటి గ్లాసు మీద తేనె వాసన అని మేం చదువుకుంటున్నాం. అదే మాల్ట్‌తో కాచినదానికంటే పొడిగా ఉండటం, చివర్లో ఆ పులుపు, మైనం, ఇవీ గుర్తుపట్టగలిగే గుణాలే. గుర్తుపట్టేదాకా ఆగాలి.

తేనె రకం కూడా అడగాలి, చాలా పోటీల్లో రాస్తారు, జడ్జీలు చదవరు. నారింజపూల తేనెకి ద్రాక్షపండు లాంటి గట్టి వాసనుంది, అది ఈస్ట్ దెబ్బ తట్టుకుని మిగులుతుంది. బక్‌వీట్ అనే పంట పూల తేనె నల్లగా, బెల్లప్పాకంలా ఉంటుంది, దాని ముఖ్యమైన వాసనల్లో ఒకటి మాల్ట్‌లో ఉండేదే. నల్లటి ఏల్‌లో వేస్తే మాల్ట్‌లో కలిసిపోతుంది, విడిగా తేనె కనపడదు. అక్కడ తేనె ఏదీ అని అడగడం పప్పుచారులో పప్పేదీ అని అడిగినట్టు.

నేను ఇప్పుడు తేనె ఏల్ రుచి చూసే తీరు ఇది. ముందు రోజు రాత్రి నుంచి ఆవకాయ జోలికి పోను, పొద్దున కాఫీ తాగను. సీసా 12, 13 డిగ్రీలకి వచ్చాక తీస్తాను. మూతి ముడుచుకుని ఉండే తులిప్ గ్లాసులో సగానికి తక్కువ పోసి మొదటి వాసన, మొదటి గుక్క పెన్సిల్‌తో రాస్తాను. వెక్కసంగా గోళ్లరంగు తుడిచే మందు వాసన గానీ, గొంతులో మంట గానీ ఉంటే అది వేడి చోట తొందరపడి పులిసిన బీరు, ఎంతసేపు ఆగినా బాగుపడదు. నా మొదటి తేనె ఏల్ అలాగే పోయింది, జూలైలో గరాజ్‌లో పెట్టాను, ఇరవై లీటర్లూ సింకులో పారబోశాను. అలాంటి తప్పు లేకపోతే గ్లాసు పక్కన పెట్టేస్తాను. అరగంట. ఆ తర్వాత అరచేత్తో గ్లాసు పట్టుకుని, ఒక గుక్క తాగి, మింగి, నోరు మూసి ముక్కుతో ఊపిరి వదులుతాను. పది లెక్కపెడతాను. అప్పుడు రాసేది పెన్నుతో రాస్తాను. షీట్ ఇంగ్లీషులో నింపినా, పక్కన మార్జిన్‌లో నా కోసం తెలుగులో ఒక మాట రాసుకుంటాను, వగరు అనో, ముక్కింది అనో, పిప్పి అనో. వగరుకి వాళ్ల మాట ఉంది గానీ, పచ్చి జామపిందె కొరికిన గుర్తు అందులో రాదు.

దీనికి టైమెక్కడుంది అంటారు నిర్వాహకులు. పదులకొద్దీ సీసాలు, ఒక్క శనివారం, జీతం లేని జడ్జీలు. వాళ్ల కష్టం నాకు తెలుసు, హాలు అద్దె దగ్గర్నుంచి గ్లాసులు కడిగేదాకా వాళ్లే. నేనడిగింది ఒకటే. తేనె బల్లకి పది కాకుండా ఆరు సీసాలు ఇవ్వండి, ఆరూ ఒకేసారి పోసి బల్ల మీద పెట్టండి, మొదటి చుట్టు, చివరి చుట్టు రెండు సార్లు తిరగనివ్వండి. రెండో చుట్టు అయ్యేదాకా షీట్లు తీసుకోవద్దు. ఉత్తరం రాశాను. వచ్చే మార్చిలో ఒక బల్ల మీద అలా చేసి చూద్దామన్నారు. ఆ బల్ల నాకే ఇమ్మని అడిగాను. ఆరో నంబరు సీసా కాచినవాళ్లు మళ్లీ పంపుతారో లేదో.